ముప్పై అయిదు యూరోల ట్యాంకులు

మా తోటలో ఏ వస్తువూ దుకాణం ధరకి కొన్నది కాదు. ఈ మాట ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేదాన్ని. పార పక్క ఊరి పాత సామాన్ల సంతలో కొన్నాం. టమాటా కర్రలు ఎవరో పెద్దాయన పోయాక ఆయన కొట్టం ఖాళీ చేస్తుంటే ఊరికే తెచ్చుకున్నాం. గుర్రాల పాకలో ఎరువు మన చేతులతో మనం ఎత్తుకుంటే ఉచితం. ఇంగ్లండులో చిల్లర డబ్బులకి వచ్చే విత్తనాల పొట్లం ఇక్కడ నాలుగు యూరోలంటే క్లైవ్‌కి కడుపు తరుక్కుపోయేది.

క్లైవ్ నా మొగుడు. హల్ పట్నంలో ముప్పై ఏళ్ళు సిటీ బస్సులు బాగుచేశాడు. నేను బళ్ళో పిల్లలకి మధ్యాహ్నం అన్నాలు వండేదాన్ని. మా ఇద్దరి పింఛన్లకీ ఇల్లూ తోటా రెండూ వచ్చే చోటు ఫ్రాన్సులో ఈ క్రూజ్ జిల్లా ఒక్కటేనని లెక్కలు వేసి నన్ను తీసుకొచ్చాడు. ఇదంతా జరిగిన ఎండాకాలానికి మేం వచ్చి తొమ్మిదేళ్ళు. పదకొండు గడపల పల్లె, చుట్టూ ఎర్రావుల మేత బీళ్ళు, అడవి.

ఏప్రిల్‌లో ఒకరోజు ఎదురింటి ఫాబ్రిస్ మా గోడ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. యాభై ఏళ్ళుంటాయి, డెబ్బై ఆవులున్నాయి, మాట మాత్రం చాలా తక్కువ.

"చలికాలం వానలు పడలేదు మదామ్ నోరీన్. జూన్‌కల్లా ఊటలు ఎండుతాయి. ట్యాంకులు పెట్టుకుంటే మంచిది. నా దగ్గర రెండున్నాయి. ఆవుల దాణాలోకి బెల్లపు మడ్డి వచ్చినవి. ఒక్కోటి అరవైకి ఇస్తాను."

"అరవైయా?" అన్నాడు క్లైవ్, వంకాయ నారు మీంచి తలెత్తకుండానే.

"బయట అంతకంటే తక్కువకి దొరుకుతాయి. కాని అంతకుముందు అందులో ఏం పోశారో అడిగి తెచ్చుకోండి. అది మాత్రం మరిచిపోకండి."

అతను వెళ్ళాక క్లైవ్ నవ్వాడు. "విన్నావా? పక్కవాడి సరుకు విషం, తనది అమృతం. అమ్ముకునేవాళ్ళంతా ఒకటే, ఏ దేశమైనా."

మా జిల్లాలో ఉన్న ఇంగ్లీషువాళ్ళకి ఫోన్లో ఒక గుంపు ఉంది. ఎక్కడ కంకర చవక, ఎవరు ఇనుప పందిళ్ళు అమ్ముతున్నారు, ఏ ఊరి చెత్తకేంద్రంలో కంపోస్టు ఉచితం, అన్నీ అందులోనే. క్లైవ్‌కి పొద్దున కాఫీ కంటే ముందు అది కావాలి. ఆ వారంలోనే దొరికింది బేరం. ఇనుప చట్రంలో వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు, కుళాయి బిగించి, రంగు కూడా వేసి, ఒక్కోటి ముప్పై అయిదు. అమ్మేవాడు రోనీ, మా హల్‌కి నది అవతలి గ్రిమ్స్‌బీవాడు.

నలభై నిమిషాలు కారులో పోతే అతని ఇల్లు. లోపలికి రమ్మని పాలు పోసిన టీ ఇచ్చాడు, మా ఊరి బిస్కట్లు పెట్టాడు. తొమ్మిదేళ్ళుగా రొట్టెల కొట్లో కూడా ముందు మనసులో వాక్యం పేర్చుకుని తర్వాత నోరు తెరిచే మనిషిని నేను. నోటికొచ్చిన మాట నోటికొచ్చినట్టు అనగలిగిన ఆ అరగంట నాకు పుట్టింటికి పోయినట్టుంది. రోనీ మా వీధి చివరి చేపల కొట్టు కూడా ఎరుగును.

పెరట్లో ట్యాంకులు వరసగా నిలబడి ఉన్నాయి, అన్నీ ముదురాకుపచ్చ.

"ఎండ పడితే లోపల పాచి పడుతుంది. అందుకే నేనే రంగు కొట్టి ఇస్తాను" అన్నాడు రోనీ. "మూడుసార్లు కడిగినవి. మనవాళ్ళ దగ్గర నేను నాటకాలాడను."

అందులో ముందు ఏం పోశారో అడగాలని నాకు తట్టింది. అబద్ధం చెప్పను. కాని అప్పుడు అతని బిస్కట్టు నా నోట్లో ఉంది. ఒకడి టీ తాగుతూ, ఒకే ప్రాంతపు యాసలో మాట్లాడుతూ, ఇది శుభ్రమైనదేనా అని అడిగితే నిన్ను నేను నమ్మను అన్నట్టే. మావాళ్ళలో ఇంకేమన్నా క్షమిస్తారు గాని అది క్షమించరు. అదే అమ్మేవాడు ఫ్రెంచివాడయితే నాలుగుసార్లు అడిగి, కాగితం మీద రాయించుకుని కదిలేదాన్ని. డెబ్బై యూరోలు చేతిలో పెట్టి, రెండు ట్యాంకులూ కారు వెనక తగిలించిన బండికి కట్టుకుని ఇంటికొచ్చాం. దారంతా క్లైవ్ ఈల వేస్తూనే ఉన్నాడు.

మే నెలలో మూడు గాలివానలు కొట్టాయి. కొట్టం చూరు నీళ్ళకి రెండు ట్యాంకులూ నిండిపోయాయి. ఆ తర్వాత చుక్క పడితే ఒట్టు.

జూన్ మధ్యలో మేయరమ్మ ఊళ్ళో కాగితం అంటించింది. కుళాయి నీళ్ళతో తోటలు తడపకూడదు, కార్లు కడగకూడదు, తప్పితే జరిమానా. ఊళ్ళో అందరి చిక్కుడు పాదులూ వేలాడిపోతుంటే మావి మాత్రం నిగనిగలాడాయి. క్లైవ్ రోజుకి రెండు మాట్లు తోట చుట్టూ తిరిగి, గోడ మీంచి ఫాబ్రిస్ వైపు ఓ చూపు విసిరి వచ్చేవాడు.

మా వెనకింట్లో సొలాంజ్ ఉండేది. డెబ్బై ఎనిమిదేళ్ళు, మొగుడు పోయి పన్నెండేళ్ళు, పద్నాలుగు తేనెటీగల పెట్టెలు. మేం వచ్చిన కొత్తలో ఈ ఊళ్ళో మా గుమ్మం తొక్కిన మొదటి మనిషి ఆమే. నా ఫ్రెంచి విని ముఖం చిట్లించనిది కూడా ఆమె ఒక్కతే. నేను తప్పు మాట్లాడితే, "పరవాలేదు పిల్లా, నా ఈగలక్కూడా వ్యాకరణం రాదు, అయినా మాకు మాటలు ఆగుతున్నాయా" అనేది. మొగుడు పోయినరోజు ఒక్కో పెట్టె తట్టి చెప్పిందట, యజమాని పోయాడు, ఇకనుంచి నేనే మీ దిక్కు అని. చెప్పకపోతే ఈగలు అలిగి వెళ్ళిపోతాయని అక్కడివాళ్ళ నమ్మకం. మా హల్ చుట్టుపక్కల కూడా అదే నమ్మకం ఉందని నేను చెప్పినరోజు, ఆమె నా రెండు బుగ్గలూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

జూన్ చివరికి ఆమె పెరటి ఊట ఎండిపోయింది. ఈగలు మా ఇంటికి దారి పట్టాయి. ట్యాంకు కుళాయి కొద్దిగా కారుతుండేది. దాని కింద నాచు తడిగా ఉండేది. అక్కడ వరసగా వాలి నీళ్ళు పీల్చుకునేవి.

"మీ ఇంటికి చుట్టాలొచ్చారటగా" అంది సొలాంజ్ గోడ అవతలనుంచి. "మర్యాద చెయ్యి మరి."

నేను చేశాను. మట్టి పళ్ళెం ఒకటి తెచ్చి, ఈగలు మునిగిపోకుండా గులకరాళ్ళూ సీసా బిరడాలూ పరిచి, ట్యాంకు నీళ్ళు పోసి, నీడన పెట్టాను. రోజూ పొద్దున్నే నింపేదాన్ని. అవి వందల కొద్దీ వచ్చి తాగుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చునేదాన్ని. నాకు పిల్లలు లేరు. ఇంకొకరి ప్రాణులు నా చేతి నీళ్ళు తాగుతుంటే ఎంత సంతోషపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ వారంలోనే నా మణికట్ల దగ్గర చిమచిమ మొదలైంది. ఎర్రగా లేదు, దద్దురూ లేదు, చీమలు పాకినట్టు ఒకటే చిమచిమ.

"దురదగొండి తగిలి ఉంటుంది" అన్నాడు క్లైవ్.

"దురదగొండి తగిలితే నాకు తెలీదా?"

"అయితే వయసు" అన్నాడు.

జూలై అయిదున సొలాంజ్ కేక వినిపించింది. ఆమె ఎప్పుడూ గొంతు పెంచదు. నేను పరిగెత్తాను. పెట్టెల ముందు నేలంతా ఈగలు. కొన్ని చచ్చిపడున్నాయి, కొన్ని వెల్లకిలా పడి గిర్రున తిరుగుతున్నాయి. సొలాంజ్ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. అడుగు పెడితే కాలికింద ఈగలు నలుగుతాయని నన్ను అక్కడే ఆగమంది.

అయిదారు రోజుల్లో పద్నాలుగు పెట్టెల్లో మూడే మిగిలాయి. పశువుల శాఖ మనిషి వచ్చి, చచ్చిన ఈగల్ని సీసాల్లోకి ఎత్తి, పరీక్షకి పంపుతున్నానని, ఆరు వారాలు పడుతుందని చెప్పి పోయాడు. ఆరు వారాలు ఆగే ఓపిక ఊరికెక్కడిది? పిచికారీ యంత్రం ఉన్నది ఊళ్ళో ఫాబ్రిస్‌కి ఒక్కడికే. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. రొట్టెల బండి వచ్చినప్పుడు అతను వరసలో నిలబడితే ముందున్నవాళ్ళు వెనక్కి తిరగలేదు. ఆ ఊళ్ళో పొద్దున్నే చెయ్యి కలపకపోవడమంటే మొహం మీద ఉమ్మేసినట్టే.

ఫాబ్రిస్ ఒక్కసారి మాత్రం అన్నాడు, రొట్టె చంకన పెట్టుకుని, అందరికీ వినపడేలా. "నేను మందు కొట్టింది ఏప్రిల్‌లో. అదీ అడవి అవతలి ఆవ చేనుకి. నా లెక్క పుస్తకంలో తారీఖులున్నాయి. ఎవరికి కావాలంటే వాళ్ళు వచ్చి చూసుకోవచ్చు."

ఎవరూ వెళ్ళలేదు.

జూలై పద్నాలుగు. జాతీయ పండగ. మధ్యాహ్నం ఊరంతా కలిసి భోంచేసే రోజు. అప్పటికి వారం రోజులుగా వడగాడ్పు. భోజనాలకి బంగాళాదుంపల కూర నా వంతు, అందులోకి ఉల్లికాడలు కోద్దామని తోటలోకి వెళ్ళాను. ట్యాంకు మీది పచ్చ రంగు ఎండకి బొబ్బలెక్కి, పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. ఊడినచోట ఏదో కాగితం అంచు కనిపించింది. గోటితో గీకాను. ప్రమాదపు గుర్తు, ఎర్ర గీతల పలక, అందులో ఎండిన చెట్టు, పక్కన వెల్లకిలా పడిన చేప. ఇంకా గీకాను. కోత మిల్లుకి సంబంధించిన సరుకు. కలపకి పురుగు పట్టకుండా పూసే మందు. కింద సన్నటి అక్షరాల్లో పేరు, సైపర్‌మెత్రిన్.

ట్యాంకులో నీళ్ళు అప్పటికి అడుక్కి దిగాయి. కుళాయి ఉన్నదీ అడుగునే. తిప్పి చూస్తే పాలు విరిగినట్టు తెల్లటి నీళ్ళు వచ్చాయి.

పళ్ళెం తీసి గోతిలో బోర్లించాను. కుళాయి గట్టిగా బిగించాను. మిగిలిన కాసిని ఈగలు వచ్చి పళ్ళెం ఉండిన చోట గాలిలో తిరుగుతున్నాయి. క్లైవ్‌ని కేకేశాను.

క్లైవ్ వచ్చి ఆ కాగితం చదివాడు. రెండుసార్లు చదివాడు. రోనీకి ఫోన్ చేశాడు. నేను వందల ట్యాంకులు అమ్మాను, ఒక్కడు కూడా మాట అనలేదు, మిల్లువాళ్ళు ఇచ్చినవి కడిగి ఇచ్చాను, అన్నాడట రోనీ. మరునాటికల్లా రోనీ మా ఫోన్ ఎత్తడం మానేశాడు.

"మనం తింటున్నాం గదా ఈ కూరలు, మనకేం అయింది?" అన్నాడు క్లైవ్.

నా మణికట్లు చూపించాను.

"సరే. కూరలన్నీ పీకి పూడ్చేద్దాం. కానీ నోరీ, విను. ఇప్పుడు మనం నోరు విప్పామనుకో, ఈ ఊళ్ళో ఎవడైనా మనతో మాట్లాడతాడా? పరాయివాళ్ళొచ్చి సొలాంజ్ ఈగల్ని చంపారంటారు. ఇల్లు అమ్ముదామన్నా కొనే దిక్కుండదు. హల్‌లో మనకేముంది?"

"మరి ఫాబ్రిస్?"

"అతనికేం, ఆరు వారాల్లో పరీక్ష కాగితం వస్తుంది. పొలం మందు వేరు, కలప మందు వేరు. ఇది అతనిది కాదని వాళ్ళే రాసి పంపుతారు. అతని మచ్చ పోతుంది, మన కొంపా నిలుస్తుంది. మధ్యలో నువ్వు చెయ్యవలసింది ఏమీ లేదు."

ఆ మాట కోసమే నేను ఎదురు చూస్తున్నట్టుంది. ఎంత తేలిగ్గా పట్టేసుకున్నానో. మొహం కడుక్కుని, పూల గౌను వేసుకుని, ఉల్లికాడలు వెయ్యని కూర గిన్నె పట్టుకుని భోజనాలకి వెళ్ళాను.

పొడుగు బల్లకి అటూ ఇటూ ఊరంతా కూర్చున్నారు. ఫాబ్రిస్ ఆలస్యంగా వచ్చాడు. అతను కూర్చున్న చోట అటు రెండు కుర్చీలు, ఇటు రెండు కుర్చీలు ఖాళీ అయ్యాయి. లేచి, ద్రాక్షసారా సీసా పట్టుకుని సొలాంజ్ దగ్గరికెళ్ళి గ్లాసు నింపబోయాడు. ఆమె గ్లాసు మీద అరచెయ్యి మూసింది. ఫాబ్రిస్ సీసా అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను మణికట్లు బల్ల కిందికి లాక్కున్నాను. క్లైవ్ నా పళ్ళెంలో ఇంకో మాంసం ముక్క వేశాడు.

ఆ ఆరు వారాలూ నేను ఎలా గడిపానో నాకే తెలీదు. పోస్టు బండి చప్పుడైతే కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని. పరీక్ష కాగితం వచ్చేస్తే అతను బయటపడతాడు, వచ్చేస్తే చాలు, అని ప్రార్థనలు మరిచిపోయిన నేను ప్రార్థనలు చేశాను. ఈలోగా ఎవరో ఫాబ్రిస్ ఉత్తరాల డబ్బాలో చచ్చిన ఈగల్ని గుప్పెళ్ళతో పోశారు. అతని భార్య డబ్బా తీసి, ఏడుస్తూ రోడ్డు మీదే దులపడం మా కిటికీలోంచి చూశాను. కిటికీ తలుపు వేశాను.

ఆగస్టు ఇరవై ఆరున కాగితం వచ్చింది. మేయరమ్మ సొలాంజ్ ఇంటి వాకిట్లో నిలబడి చదివింది. మేమంతా చుట్టూ ఉన్నాం. "సైపర్‌మెత్రిన్" అని చదివి, కళ్ళజోడు తీసి, ఫాబ్రిస్ వైపు చూసింది. "నీ పుస్తకంలో ఉందా ఈ పేరు?"

ఫాబ్రిస్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఉంది. ఆవ చేనుకి కొట్టింది అదే. కానీ ఏప్రిల్..."

ఇక అతని మాట ఎవరూ సాగనివ్వలేదు. నేను క్లైవ్ వైపు చూశాను. క్లైవ్ తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. రెండూ ఒకటే మందని మాకెవరికి తెలుసు? చేలో పురుగైనా కలపలో పురుగైనా పురుగు పురుగే. తెలుసుకోవలసిన వయసే మాది, తెలుసుకోలేదు.

సొలాంజ్ నెమ్మదిగా మాట్లాడింది, అందుకే అందరికీ వినిపించింది. "ఫాబ్రిస్, మీ నాన్న కాలంనుంచి నా బీళ్ళు నీకు మాట మీద ఇస్తున్నాను. కాగితం లేదు, సంతకం లేదు. ఈ సెయింట్ మిషెల్ పండగతో ఆ మాట అయిపోయింది. ఇంకొకళ్ళకి ఇచ్చుకుంటాను."

ఆ బీళ్ళు ముప్పై హెక్టార్లు. అతని ఆవులకి సగం గడ్డి అక్కడిదే. ఆ ఏడు కరువులో గడ్డి కొనాలంటే బంగారం ధర. సెప్టెంబరు ఇరవై తొమ్మిదిన పండగ. అంటే నెల్లాళ్ళలో మంద అమ్ముకోవాలి. ఇరవై రెండేళ్ళు పెంచిన మంద. ఊరంతా అక్కడే ఉంది, ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

ఇంటికి రాగానే క్లైవ్‌తో అన్నాను. "రేపు వెళ్ళి చెప్పేస్తాను. ట్యాంకు చూపిస్తాను. ఆ కాగితం చూపిస్తాను."

"రెండు రోజులు ఆగు. ఎలా చెప్పాలో ఆలోచిద్దాం" అన్నాడు.

రెండు రోజులు ఆగాను. మూడో రోజు నేను శుక్రవారం సంతకి వెళ్ళి వచ్చేసరికి ట్యాంకులున్న చోట కొత్త కంకర పరిచి ఉంది. రంపంతో ముక్కలు చేసి, మూడు విడతలుగా చెత్తకేంద్రంలో పడేసి వచ్చాడట. నాచు, దాని కింద మట్టి, జానెడు లోతు తవ్వి తీసేశాడు. చెమటతో చొక్కా అంటుకుపోయి, టీ తాగుతూ కూర్చున్నాడు.

"నీకోసమే చేశాను" అన్నాడు.

నేను సంచి కింద పెట్టి, అలాగే సొలాంజ్ ఇంటికి వెళ్ళాను. అక్కడ మేయరమ్మ కూడా ఉంది, నష్టపరిహారం కాగితాలు నింపుతోంది. నిలబడే చెప్పాను. ట్యాంకు, రోనీ, పళ్ళెం, చేప బొమ్మ. మాటలు దొరక్క సగం ఇంగ్లీషులో చెప్పాను. నా వెనకే క్లైవ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏ ట్యాంకు?" అంది మేయరమ్మ.

"అది... ఇప్పుడు లేదు. ఈయన పారేశాడు."

ఆమె క్లైవ్ వైపు చూసింది. మా ఇద్దరిలో ఫ్రెంచి బాగా వచ్చింది అతనికే. చాలా మర్యాదగా, చాలా మెల్లగా మాట్లాడాడు.

"ట్యాంకులు పగిలిపోయాయి, పారేశాను, నిజమే. మిగతాది... ఈ ఈగల సంగతి జరిగిన దగ్గర్నుంచీ ఈవిడకి నిద్ర లేదు. ప్రతిదీ తన మీద వేసుకుంటోంది. డాక్టరుకి చూపించాలనుకుంటున్నాను."

నలభై ఒక్క ఏళ్ళ కాపురం. నన్ను పిచ్చిదాన్ని చేసి మాట్లాడుతుంటే, ఎంత ప్రేమగా మాట్లాడుతున్నాడో చూస్తూ నిలబడ్డాను. ఆ రోజునుంచి ఇప్పటిదాకా మేం ఒకే ఇంట్లో ఉంటున్నాం. అతను కింద గదిలో, నేను పైన. ఉప్పు అందించమంటే అందిస్తాను.

సొలాంజ్ లేచి వచ్చి నా చేతులు పట్టుకుంది. "నీది వెన్న మనసు పిల్లా. ఫాబ్రిస్ ఇలా చెప్పమన్నాడా నిన్ను? వాడి పెళ్ళాం ఏడుస్తుంటే చూడలేక వచ్చావు కదూ?"

"కాదు సొలాంజ్. నేనే పోశాను. నా చేత్తో."

"ఇంటికెళ్ళి పడుకో" అంది. ఆమె కళ్ళలో నామీద కోపం ఇసుమంత కూడా లేదు. కొట్టినా బాగుండేది.

తర్వాతి వారం మేయరమ్మకి ఉత్తరం రాశాను. పశువుల శాఖకి రాశాను. ఆధారం ఉంటే పంపమని రెండు లైన్ల జవాబు వచ్చింది. ఇంగ్లీషువాళ్ళ ఫోన్ గుంపులో రోనీ పేరు పెట్టి రాశాను. గంటలో ఆ రాత తీసేసి, నన్ను గుంపులోంచి తీసేశారు. తోటి ఇంగ్లీషువాణ్ణి అలా బజారుకీడుస్తావా అని ఇద్దరు ఫోన్ చేసి చివాట్లు పెట్టారు.

మిగిలింది ఒక్క గుమ్మం. మొదట తొక్కవలసింది అదే. చిట్టచివరికి గాని నా కాళ్ళు అటు నడవలేదు.

సెప్టెంబరు ఇరవయ్యో తారీఖు పొద్దున్న, ఫాబ్రిస్ వాకిట్లో రెండంతస్తుల పశువుల లారీ వెనక్కి తిరిగి నిలబడి ఉంది. ఆవులు దొడ్డిలో ఒకదాన్నొకటి తోసుకుంటూ అరుస్తున్నాయి. ఫాబ్రిస్ చేతికర్ర చంకన పెట్టుకుని వాటి చెవులకున్న నంబర్లు కాగితంతో సరిచూస్తున్నాడు. నన్ను చూసి టోపీ కొద్దిగా ఎత్తాడు. ఆ వేసవిలో ఆ ఊళ్ళో అతనికి ఎవరూ చెయ్యని మర్యాద అతను నాకు చేశాడు.

ఈసారి ఇంట్లోనే వాక్యాలన్నీ పేర్చుకుని వచ్చాను. మొదటినుంచి చివరిదాకా ఒక్క తప్పు లేకుండా చెప్పాను. అతను అడ్డు రాలేదు. అబద్ధమనలేదు. చెప్పడం అయ్యాక తల ఊపాడు, ఎన్నాళ్ళుగానో కలవని లెక్క కలిసినట్టు.

"కోత మిల్లు ట్యాంకు" అన్నాడు. తర్వాత అడిగాడు, "ఎప్పుడు తెలిసింది మదామ్ మీకు?"

"జూలై పద్నాలుగున."

లారీవాడు హారన్ కొట్టాడు. ఫాబ్రిస్ అతనికి చెయ్యి చూపించి ఆగమన్నాడు.

"పరీక్ష కాగితం వస్తే నేను బయటపడతానని ఆగారు."

"అవును."

"బయటపడి ఉంటే?"

నాకు ఆ వాక్యం సిద్ధంగా లేదు. క్లైవ్ ఆపాడని చెప్పవచ్చు. భయపడ్డానని చెప్పవచ్చు. అవన్నీ నిజాలే. అతను అడిగింది వాటి గురించి కాదు.

"చెప్పేదాన్ని కాదు" అన్నాను.

ఫాబ్రిస్ నావైపు కాసేపు చూశాడు. కోపం లేదు. ఆవు నంబరు కాగితంలో దొరక్కపోతే చూసినట్టే చూశాడు. తర్వాత కర్ర చేతిలోకి తీసుకుని దొడ్డి గడియ తీశాడు. ముందున్న పెద్దావు రెండడుగులు వేసి, లారీ చెక్క మీద గిట్ట పెట్టి, నన్ను చూసి బెదిరి ఆగిపోయింది. వెనకవన్నీ దాన్ని గుద్దుకున్నాయి.

"కొంచెం పక్కకి జరగండి మదామ్" అన్నాడు. "కొత్తవాళ్ళుంటే ఇవి ఎక్కవు."

నేను పక్కకి జరిగాను.